పందుల దొడ్డిలో నీటి తొట్టి
(మన సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



దాణా వ్యాపారిని గనుక ఒక నింద తరచు వినుచుందును: “మీ దాణా మంచిది కాదు, పందులు తినుట లేదు.” దొడ్డికి పోయి చూచినచో పెక్కుమార్లు లోపము దాణాలో గాక నీటి తొట్టిలో కనబడినది. నీరు చాలని పంది మేత మానును.

పందికి మనవలె చెమట పట్టి ఒడలు చల్లబడదు. ఎదుగు పంది తిన్న మేతకు రెండు మూడింతలు నీరు త్రాగును. పాలిచ్చు తల్లికి దినమునకు 15 నుండి 30 లీటర్లు, ఎండలలో అంతకన్న ఎక్కువయు కావలెను. గొట్టము నుండి నిమిషమునకు సుమారు 2 లీటర్లు రావలెను; సన్నగా కారినచో అది విసిగి మానును, పిల్లలకు పాలు తగ్గును. నీరు బొత్తిగా తప్పినచో మేతలోని ఉప్పే విషమగును. అట్టి పందికి ఒక్కమారుగా గాక కొద్దికొద్దిగా నీరు పెట్టవలెను.

ఇక నీటి మంచిచెడ్డలు. బెంగళూరు మురుగు కలిసిన దక్షిణ పినాకిని కెలవరపల్లి జలాశయమువద్ద నురుగులు గ్రక్కుట మన మెరిగినదే. కృష్ణగిరి జిల్లాలో పెక్కు బోరుబావులలో ఫ్లోరైడు అధికము. ఆ బాధ తీర్చుటకే హొగెనకల్ పథకము 2013లో ప్రారంభమైనది. కావేరి నీరు మనకు వచ్చినను, పెక్కు దొడ్లకు బోరునీరే గతి. నురుగు కంటికి కనబడును. ఫ్లోరైడు కనబడదు, కాచినను పోదు.

కావున ఏటేట బోరునీటిని పరీక్ష చేయింపుడు, తొట్టిని ప్రతిదినము కడుగుడు. పరీక్షా పత్రము చదువరాని పెద్దలకు మన సంఘమున తెలుగున వివరించుటకు నేను పూచీపడుచున్నాను. నింద పిమ్మట వేయుడు; ముందు తొట్టి చూడుడు. సెలవు.