చెరువుకట్ట మీద సాంఘికం



మన ప్రాథమిక బడుల్లో చరిత్ర, భూగోళం అని విడివిడి పుస్తకాలుండవు. మూడు నుంచి అయిదో తరగతి దాకా రెండూ పరిసరాల విజ్ఞానంలోనే కలిసి ఉంటాయి. సాంఘిక శాస్త్రం ఆరులో మొదలవుతుంది. ఈ ఏర్పాటు మంచిదే. పరిసరాల పుస్తకాన్ని కూడా నాలుగు గోడల మధ్య బట్టీ పట్టించడమే బాగాలేదు.

గోడకు పటం తగిలించి ఉత్తరం ఎటని అడగండి, పిల్లలు ఇంటికప్పు చూపిస్తారు. వాళ్ల తప్పేముంది, పటంలో ఉత్తరం పైనే ఉందిగా! ఆ పటాన్ని దించి నేల మీద పరవండి. దాని తూర్పు అంచును పొద్దు పొడిచే దిక్కుకు తిప్పండి. నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టిన గోదావరి వెంట వేలు పోనిస్తూ పోతే, సముద్రం తమ బడికి ఏ వైపున ఉందో పిల్లలే చెప్తారు.

కాలాన్ని చూపించడం ఇంకా కష్టం. ఎనిమిదేళ్ల పిల్లకు 1213 అంటే ఉట్టి అంకె. ఒక తాడు తీసుకుని జానకొక ముడి వేయించండి; ముడికి పదేళ్లు. మొదటి ముడి రాకముందే ఆ పిల్ల వయసు అయిపోతుంది. ఏడో ముడి దగ్గర ఏ నాయనమ్మో పుడుతుంది, స్వాతంత్ర్యం ఎనిమిదో ముడి దగ్గర. రామప్ప గుడి శాసనం నాటి 1213కు పోవాలంటే ఎనభై జానల పైమాటే. అరవై అడుగుల తాడు గదిలో పట్టదు, వరండా కూడా దాటాలి. కొస పట్టుకుని నడిచినవాడు "ఇంత దూరమా సార్!" అన్నాడంటే పాఠం ఎక్కినట్టే.

ఈ రెండు పాఠాలూ ఒక్కచోట దొరికేది ఊరి చెరువు దగ్గర. తెలంగాణ ఎత్తు నేల. వానలు నాలుగు నెలలే, నదులేమో పల్లంలో పారతాయి. అందుకే కాకతీయుల కాలంలో గుట్టల మధ్య కట్టలు పోసి నీళ్లాపారు. పాకాల, రామప్ప, లక్నవరం చెరువుల కింద నేటికీ పొలాలు పారుతున్నాయి. పిల్లల్ని కట్ట మీదికి తీసుకెళ్లి అడగండి: నీళ్లెటు నుంచి వస్తాయి? కట్ట ఇక్కడే ఎందుకు పోశారు? తూము ఎక్కడ? అలుగు దూకిన నీళ్లు కింద ఏ చెరువుకు పోతాయి? కట్ట పోయించిందెవరో ఆ తర్వాత వాళ్లే అడుగుతారు. సముద్రం ఒడ్డు ఊళ్లలో అయితే మోటుపల్లి ఉంది. ఓడల మీద వచ్చే వర్తకులకు అభయమిస్తూ కాకతీయ రాజు గణపతిదేవుడు 1244లో వేయించిన శాసనం అక్కడిదే. రేవు లేనిచోట ఆ శాసనంతో పనేముంది?

అయిదో తరగతి లోపు రాజుల వరుస అప్పజెప్పించక్కర్లేదని నా అభిప్రాయం. పరీక్షలో అడుగుతారు కదా అంటే, అలా అడగడమే మానాలంటాను.

ఇళ్లలో ఉన్న పెద్దలకొక మనవి. పిల్లలు కాగితం, పెన్సిలు పట్టుకుని మన బావి ఎప్పుడు తవ్వారు, కరెంటు ఏ ఏడు వచ్చిందని అడిగితే, పనుందని పంపేయకండి. కాసేపు కూర్చోబెట్టి చెప్పండి.