అడిగి ఇచ్చే రంగులు
(ముంబయిలో తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ నగరానికి మన పూర్వులు చేతిపనిని నమ్ముకొని వచ్చారు. ఇక్కడి కట్టడాలకు రాళ్లు మోసిన కామాటీల పేరు కామాటిపురాకు నిలిచిపోయింది. మిల్లులు నడిచిన కాలంలో వర్లీ, లోయర్ పరేల్ ప్రాంతాల చాళ్లలో మగ్గం ఎరిగిన తెలుగు కుటుంబాలు స్థిరపడ్డాయి. చేతులు ఊరక ఉండడం ఎంతటి బాధో అటువంటి ఇళ్లలో పుట్టిన మనకు ఒకరు చెప్పనక్కరలేదు. చేతులు ఊరక ఉన్న పిల్లలను గురించి నేడు నాలుగు మాటలు మనవి చేయదలచాను.

1929లో నెలకొన్న వాడియా పిల్లల ఆసుపత్రి, 1941లో ప్రారంభమైన టాటా మెమోరియల్ ఆసుపత్రి, రెండూ పరేల్‌లోనే ఉన్నాయి. ఈ నగరంలోని పెద్ద ఆసుపత్రులకు దేశం నలుమూలల నుంచి, మన ఆంధ్ర, తెలంగాణ జిల్లాల నుంచి కూడా, పిల్లలను తీసుకొని తల్లిదండ్రులు వస్తారు. పిల్లలకు ఎక్కువగా సోకే రక్త క్యాన్సరుకు చికిత్స రెండు మూడేళ్లు సాగుతుంది. అన్ని రోజులూ మంచం మీదే ఉండరు గాని, బడి పోతుంది, తోటి పిల్లలు దూరమవుతారు. సూది ఎప్పుడు వేయాలో, ఏమి తినాలో, ఎప్పుడు పడుకోవాలో అన్నీ ఇతరులే నిర్ణయిస్తారు. సూర్యునికి ఏ రంగు వేయాలన్నది మాత్రం ఆ బిడ్డ ఇష్టం. ఆసుపత్రిలో రంగులకూ కాగితాలకూ ఉన్న విలువ అదే. ఆట బాలల హక్కు అని 1989 నాటి ఐక్యరాజ్యసమితి ఒడంబడిక చెప్పింది. 1992లో మన దేశమూ దానిని అంగీకరించింది.

ఇక మేము చేసిన పొరపాటు చెప్పాలి. కొన్నేళ్ల క్రిందట దీపావళికి ముందు మా భవనంలో పిల్లల వార్డు కొరకు చేతిపని సామగ్రి ఇవ్వండని ఒక కాగితం అంటించాము. వారం తిరగకుండా పదకొండు సంచులు నిండాయి. మహోత్సాహంతో టెంపో మాట్లాడుకొని వెళ్లాము. ఆసుపత్రి పేరు చెప్పను, తప్పు వారిది కాదు. వార్డు బాధ్యత చూసే సిస్టరుగారు మలయాళీ. సంచులన్నీ విప్పించి, ఓపికగా చూసి, రెండింటిని ఉంచుకొని తొమ్మిదింటిని తిరిగి ఇచ్చారు. "దీపావళికి మీ ఇళ్లు శుభ్రమయ్యాయి. నా వార్డు కూడా శుభ్రంగా ఉండాలి కదా" అని హిందీలో మెల్లగా అన్నారు. ఆ మాట నేను ఇంతవరకు మరువలేదు.

ఆమె తిప్పి పంపిన వాటిలో ఏమున్నాయి? సగం అరిగిన క్రేయాన్లు, నోట కొరికిన పెన్సిళ్లు, గుడ్డ బొమ్మలు, మెరుపు పొడి సీసాలు, ఈకలు, మూత వదులైన గమ్ము, పదునైన కత్తెరలు. ఒక్కొక్క దానికి ఆమె కారణం చెప్పారు. క్యాన్సరు మందుల వల్ల బిడ్డ రక్తంలో తెల్ల కణాలు పడిపోతాయి. మనకు చిన్న జలుబు తెచ్చే క్రిమి ఆ బిడ్డకు ప్రాణాపాయం కావచ్చు. గుడ్డ బొమ్మలో చేరిన దుమ్మును తుడవలేము. మెరుపు పొడి పక్కమీద రాలి కంట్లో పడుతుంది. గాఢమైన వాసన గల గమ్ము, మార్కరు పెన్నులు వాంతులతో బాధపడే బిడ్డకు మరింత బాధ. పిండిముద్ద పదిమంది చేతులు మారితే పదిమంది క్రిములూ మారతాయి. పైగా అందులో గోధుమపిండి ఉంటుంది, అది కొందరికి పడదు. బెలూన్ల రబ్బరు మరికొందరికి పడదు. పూసలు మూడేళ్ల లోపు వారి గొంతులో అడ్డుపడతాయి.

కొండపల్లి బొమ్మలు తెప్పిస్తానని ఆనాడు ఒక పెద్దాయన ఎంతో ప్రేమతో అన్నారు. తెల్లపొణికి కర్రతో చేసిన ఆ బొమ్మలంటే నాకూ ప్రాణమే. అయినా రోజూ మందునీళ్లతో తుడిస్తే వాటి రంగు నిలవదు, తుడవకుంటే వార్డులోకి రానివ్వరు.

సిస్టరుగారు ఉంచుకొన్న రెండు సంచులలో సీలు విప్పని రంగుపెట్టెలు ఉన్నాయి. మరుసటి నెల మేము ముందుగా అడిగి, కావలసినవే కొని వెళ్లినప్పుడు ఒక దృశ్యం చూశాము. పాలమూరు వైపు నుంచి వచ్చిన ఒక బాబు, కుడిచేతికి సెలైన్ సూది ఉన్నందున ఎడమచేతితో రంగులు వేస్తున్నాడు. సన్నని పెన్సిలు నిలవక జారిపోతోంది. పెట్టె వార్డంతటికీ ఉమ్మడిది కనుక సాయంత్రం తిరిగి తీసుకొంటారు. "రేపు నాకు ఈ పసుపు రంగే ఇస్తారా?" అని తండ్రిని అడిగాడు. తండ్రికి తెలుగు తప్ప రాదు, ఎవరిని అడగాలో తెలియక మా ముఖం చూశాడు.

ఆనాటి నుంచి మా పద్ధతి మారింది. ఒక బిడ్డకు ఒక సంచి, అది ఆ బిడ్డదే. ఇంటికి వెళ్లేటప్పుడు వెంట తీసుకుపోవచ్చు. సంచి జిప్పున్న ప్లాస్టిక్‌ది, తడిగుడ్డతో తుడవడానికి వీలైనది. అందులో ఎడమచేతికీ పట్టు దొరికే లావు క్రేయాన్లు, తెల్లకాగితాల పుస్తకం, రంగుకాగితాలు, అంటించే బొమ్మలు, వాసన లేని గమ్ముకడ్డీ ఉంటాయి. పెద్దపిల్లలకు మొన మొద్దుబారిన కత్తెర, అల్లుకోవడానికి కొత్త నూలు కూడా. నూలును జానెడు ముక్కలుగానే కత్తిరిస్తాము, పొడవైన దారం మెడకు చుట్టుకొనే భయం ఉంది. అన్నింటితోపాటు తెలుగు, మరాఠీ, హిందీలలో ఒక వాడుక కాగితం. ఏది ఏ వయసు వారికి, వాడిన తర్వాత ఎలా తుడవాలి అన్న నాలుగు ముక్కలు అందులో ఉంటాయి. ఆ తెలుగు కాగితం కావాలని సిస్టరుగారే అడిగారు. రంగులు ఏ భాషవారైనా ఇవ్వగలరు, అది మాత్రం మనమే వ్రాయాలి.

మీరు వస్తువులకు బదులు సొమ్ము ఇస్తే మేలు. అబ్దుల్ రహమాన్ వీధిలో టోకున కొంటే అదే సొమ్ముకు ఎక్కువ సంచులు వస్తాయి. వస్తువే ఇవ్వదలిస్తే సీలు విప్పనిది ఇవ్వండి, జాబితా చూసి ఇవ్వండి. మరొక విన్నపం. నవంబరు 14న వార్డులకు కానుకలు కుప్పలుగా వస్తాయి, జూలై వానల్లో అడిగే నాథుడుండడు. అందుచేత ఏడాదికొకసారి పెద్దమొత్తం కంటే నెలనెలా కొద్దికొద్దిగా ఇచ్చేవారే మాకు కావాలి. సంచులను కార్యాలయంలో అప్పగించి వస్తాము. పిల్లల పక్కన నిలబడి ఫోటోలు తీసుకోము. ఈ నియమం కొందరికి రుచించలేదు, ఇద్దరు దాతలు తప్పుకొన్నారు కూడా. నియమం మారదు.

వచ్చే ఆదివారం ఉదయం పది గంటలకు ఇదే హాలులో సంచులు కడతాము. జలుబు, దగ్గు ఉన్నవారు ఆ రోజు దయచేసి రావద్దు, సొమ్ము పంపితే చాలు. నూలు కత్తిరించడానికి మగ్గం తెలిసిన పెద్దలు ఇద్దరు ముగ్గురు కావాలి. కత్తెరలు మేమే తెస్తాము.