కొండరెడ్లు - ఉప్పు మూట

డెల్టాలోని మన వంటిండ్లకు చేరెడి చింతపండు, తలంటికి వాడెడి సీకాయ, పందిళ్లకు వేసెడి వెదురు - వీనిలో చాల భాగము ఒకప్పుడు పాపికొండల నుండి గోదావరి మీదుగా రాజమహేంద్రవరమునకు దిగుచుండెడిది. సరుకు మనకు తెలియును. దానిని సేకరించి యిచ్చిన కొండరెడ్లను గూర్చి తెలిసినది తక్కువ. వారిని గూర్చి నేడు కొంత చెప్పదలచితిమి.

కొండరెడ్ల మాట తెలుగే. పోడు కొట్టి జొన్న, సామ పండించుకొనుట, గింజలు నిండుకొన్న నెలలలో జీలుగుమ్రాను లోని గుజ్జును దంచి ఆ పిండితో అంబలి కాచుకొనుట వారి జీవనము. కొండ అన్నియు ఇచ్చును గాని ఉప్పు ఈయదు, బట్ట ఈయదు. క్రింది వర్తకుడు ఆ రెండింటితోడనే కొండ యెక్కినాడు. అరువిచ్చును; చింతపండు రాలు కాలమున వచ్చి కొలుచుకొనును. కుంచము అతనిది, చిట్టా అతనిది, ఆ లెక్క చదువగలవాడును అతడే. ఇక బాకీ తీరుట యెట్లు? తీరని బాకీకి వెదురు నరుకవలెను. 1941లో ఈ కొండలలో తిరిగిన మానవశాస్త్రజ్ఞుడు హైమెండార్ఫ్, 1945లో వెలువడిన తన గ్రంథమున, కలప వెదురు వర్తకులకు రెడ్లు చిక్కువడిన తీరును వర్ణించినాడు.

సర్కారు వేరొక దారిని వచ్చినది. కల్లుపై పన్ను విధింపగా 1879లో రంప తిరుగబడెను. 1882 నాటి మద్రాసు అటవీ చట్టము పిమ్మట రిజర్వు అడవిలో పోడు నేరమైనది. 1917 చట్టము మాత్రము వడ్డీ సాలుకు నూటికి 24 మించరాదనియు, మొత్తము వడ్డీ అసలును దాటరాదనియు, ఏజెంటు అనుమతి లేక గిరిజనుని భూమి ఇతరులకు చెల్లదనియు శాసించెను. 1959, 1970 నిబంధనలు దానిని మరింత బిగించినవి. చట్టములు మంచివే. కాని కాగితము చదువలేనివాని యింటికి చట్టము కంటె బేనామీదారు ముందుగా చేరును.

బ్రెజిల్ అడవులలోని యానోమామి జనులపైకి బంగారము త్రవ్వువారు పాదరసమును, మలేరియాను వెంటబెట్టుకొని వచ్చిరి. ఇచట వచ్చినది ఉప్పు మూట. కనుకనే కాబోలు, మనలో పెక్కుమందికి అది కీడుగా తోచలేదు. బడియు, వైద్యమును ఆ బాటనే వచ్చినవనుట నిజమే.

పోలవరము జలాశయము క్రిందికి దేవీపట్నము మొదలగు మండలములలోని కొండరెడ్ల, కోయల గ్రామములు వచ్చినవి. లేచినవారికి కాలనీలు కట్టిరి. పట్టా భూమికి లెక్క కలదు. అడవిలో ఏరుకొని తిను బ్రతుకునకు వెల కట్టుట యెట్లు? కాలనీలో ఇల్లు పక్కాదే. అచట అంబలికి పిండి కొనవలెను; చింతపండు సయితము అంగడిలో తూయించుకొని తెచ్చుకొనవలెను.