కొండలపై రాత్రి – స్లీపింగు బ్యాగు ఎంపిక

వీపున మూట కట్టుకొని హిమాలయముల కాలిబాట పట్టు తెలుగు యువతీయువకులు నేడు ఎందరో కలరు. బూట్లు కొనునప్పుడు చూపు శ్రద్ధను వారు స్లీపింగు బ్యాగు విషయమునను చూపవలెనని మా మనవి.

సంచి తనంతట వేడిని పుట్టింపదు. మన దేహమునుండి వెలువడు వేడిని, అందలి ఈకల నడుమ చిక్కుకొన్న గాలి నిలిపియుంచును. మన బరువుక్రింద నలిగిన భాగమున గాలి ఉండదు గనుక, క్రింద మంచి ఫోము చాప లేనిదే ఎంత వెల పెట్టిన సంచి అయినను నేలచలిని ఆపజాలదు.

"మూడు ఋతువుల సంచి" అనునది మన ఆరు ఋతువుల లెక్క కాదు. పాశ్చాత్యుల నాలుగు ఋతువులలో శీతకాలము పోగా మిగిలిన వానికి తగినదని అర్థము.

ఐ.ఎస్.ఓ. 23537 ప్రమాణము ననుసరించి పరీక్షించిన సంచులకు మూడు అంకెలు ఉండును. మొదటిది "కంఫర్ట్": సామాన్య స్త్రీ సుఖముగా నిదురింపగల ఉష్ణోగ్రత. రెండవది "లిమిట్": సామాన్య పురుషుడు ముడుచుకొని నిదురింపగల హద్దు. మూడవది "ఎక్స్‌ట్రీమ్": ప్రాణము నిలుచుటకు మాత్రమే; అప్పటికే దేహము ప్రమాదకరముగా చల్లబడియుండవచ్చును. ఈ మూడవ అంకెను చూచి సంచి కొనుట ప్రాణముతో చెలగాటము.

ఒక లెక్క చూతము. మనాలి సుమారు 2,000 మీటర్ల ఎత్తున కలదు. వేయి మీటర్లు ఎక్కినకొలది ఉష్ణోగ్రత సుమారు 6.5 డిగ్రీలు తగ్గును. మనాలిలో రాత్రి 10 డిగ్రీలున్నచో, 3,500 మీటర్ల ఎత్తున గుడారము వేసినవారికి అది సున్న దరికి దిగును. మైదానములలో పెరిగిన మనము, కంఫర్ట్ అంకె సున్నకు నాలుగైదు డిగ్రీలు దిగువగానున్న సంచిని ఎన్నుకొనుట క్షేమము.

ఇక లోపలి సరకు. బాతుల నూగుఈకలు తేలిక, చిన్నమూటగా ఒదుగును. 800 ఫిల్ పవర్ అనగా, ఒక ఔన్సు ఈకలు 800 ఘనపు అంగుళముల చోటును నింపునని అర్థము. ఈ అంకె హెచ్చినకొలది అదే వెచ్చదనమునకు బరువు తగ్గును, వెల పెరుగును. కాని తడిసిన ఈకలు అణగిపోయి చలి నాపలేవు. పాలియెస్టరు పీచు బరువెక్కువ. అయినను తడిలో కొంత వెచ్చదనము నిలుపును, వెలయు తక్కువ. వానలు కురియు జూలై, ఆగస్టు నెలలకు పీచు సంచియు, అక్టోబరువంటి పొడినెలలకు ఈకల సంచియు మేలు.

ఏడాది కొకమారు పోవువారు అద్దెకు తెచ్చుకొనవచ్చును. అప్పుడును కంఫర్ట్ అంకెను అడిగి తెలిసికొనవలెను. సొంతముగా కొన్నవారు, ఇల్లు చేరిన పిమ్మట దానిని బిగించి ఉంచక, బాగుగా ఆరవేసి వదులుగా వ్రేలాడదీసినచో పెక్కేండ్లు మన్నును.