గురి కుదిరితే చాలదు
(మా సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల చర్చ మధ్యలో పిస్తోలు గురించి మాట్లాడతానంటే కార్యదర్శిగారు ఒక్క క్షణం నా ముఖంలోకి చూశారు. నేను కలెక్టరేటులో ఆరేళ్లపాటు ఆయుధ లైసెన్సుల సెక్షను చూసిన గుమాస్తాను. తుపాకుల నంబర్లు రిజిస్టర్లలో ఎక్కించానేగాని ట్రిగ్గరు నొక్కి ఎరుగను.

అప్పట్లో నేను ఫైలు పెట్టిన లైసెన్సుదారు ఒకాయన ఇప్పుడు మా వీధిలోనే ఉన్నారు. నాకంటే నాలుగేళ్లు పెద్ద. ఆయన అనుమతితోనే చెబుతున్నాను, పేరు అడగకండి. “ఏమండీ, పిస్తోలు ముందు సైటు అలుక్కుపోయినట్టు కనబడుతోంది. అమెరికా నుంచి మా అబ్బాయి ఎర్ర చుక్క సైటు పెట్టించుకోమంటున్నాడు. మీరేమంటారు?” అన్నారు. మా మనవరాలికి ఎయిర్ పిస్టల్ నేర్పే కోచ్ గారిని అడిగి తెలుసుకున్నది మీకూ మనవి చేస్తాను.

పాత పద్ధతి ఇనుప సైట్లు. వెనక ఒక గాడి, ముందు ఒక చిన్న దిమ్మె, ఆపైన లక్ష్యం. మూడూ ఒక వరుసకు రావాలి. కన్ను ఒకేసారి ఒక్క దూరాన్నే స్పష్టంగా చూడగలదు. అందుకే ముందు సైటును స్పష్టంగా చూడు, లక్ష్యం మసకైనా ఫరవాలేదు అని నేర్పుతారు. రెండు సైట్ల మధ్య 16 సెంటీమీటర్లుంటే, వరుసలో 1 మిల్లీమీటరు తేడా 10 మీటర్ల దగ్గర 6 సెంటీమీటర్లు దాటుతుంది. మన వయసులో కంటి కటకం బిరుసెక్కుతుంది. చదువుకునే అద్దం మూరెడు దూరానికి, నడిచే అద్దం వీధి చివరికి. చాచిన చేతి చివరనున్న సైటు ఈ రెంటికీ మధ్యన పడుతుంది.

ఎర్ర చుక్కలో చిన్న దీపం వెలుగు వంపు అద్దం మీద పడి, సమాంతర కిరణాలై కంటికి చేరుతుంది. చుక్క దూరాన లక్ష్యం మీదే ఉన్నట్టు తోస్తుంది. చూపు లక్ష్యం మీద ఉంచితే చాలు. ఈ సూత్రానికి 1900లో పేటెంటు పొందినవారు డబ్లిన్ లో దూరదర్శినులు చేసే హోవర్డ్ గ్రబ్. మన హైదరాబాదు నిజామియా వేధశాలలోని 15 అంగుళాల దూరదర్శిని కూడా గ్రబ్ వారిదే. ఎలక్ట్రానిక్ చుక్కను 1975లో స్వీడన్ కంపెనీ ఎయిమ్ పాయింట్ తెచ్చింది.

దానికీ ఇబ్బందులున్నాయి. బ్యాటరీ అయిపోతుంది. అద్దం మీద నీళ్లు, దుమ్ము పడతాయి. ఆస్టిగ్మాటిజం ఉన్న కంటికి చుక్క గుండ్రంగా కాక చెదిరిన గీతలా కనబడుతుంది. ఒలింపిక్ పిస్తోలు పోటీల్లో దానికి అనుమతి లేదు. 2024 పారిస్ లో మనూ భాకర్ రెండు కాంస్యాలు గెలిచింది మామూలు సైట్లతోనే.

ఇదంతా విని ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత అసలు సంగతి బయటపెట్టారు. ఒక రాత్రి కరెంటు పోయింది. గేటు చప్పుడైంది. పిస్తోలు తీసుకుని వరండాలోకి వచ్చి, ఎదుటి నీడకు గురిపెట్టారు. “తాతయ్యా, నేనే” అన్న గొంతు వినబడింది. రైలు ఆలస్యమై అర్ధరాత్రి దిగిన మనవడు!

“చుక్క ఉండి ఉంటే ఆ రాత్రి గురి ఇంకా బాగా కుదిరేది గదండీ” అన్నాను. చుక్క చీకట్లోనూ వెలుగుతుంది, ఎదుట ఉన్నది ఎవరో మాత్రం చెప్పదు. ఆయన చేతిలో కాఫీ గ్లాసు వణికింది.

మర్నాడు ఇద్దరం కంటి డాక్టరు దగ్గరకు వెళ్లాం. ఆయనకు రెండు కళ్లలోనూ శుక్లాలు. 2016 ఆయుధ నియమావళి ప్రకారం లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండితే వారసుని పేర లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకోవచ్చని చెప్పాను. “వద్దండీ, ఇంట్లో ఉండొద్దు” అని పిస్తోలు పోలీసు స్టేషనులో అప్పగించి రసీదు తీసుకున్నారు. ఆపరేషను తర్వాత ఇప్పుడు పేపరు హాయిగా చదువుతున్నారు.

ఆరేళ్లలో ఎన్నో రెన్యువల్ ఫైళ్లు పెట్టాను. గడువు తేదీ చూశాను, చలానా చూశాను. “అయ్యా, మీకు చూపు ఎలా ఉంది?” అని ఒక్కరినీ అడగలేదు. ఆ ప్రశ్న ఈరోజు మీ అందరినీ అడుగుతున్నాను. పిస్తోలు ఉన్నా లేకున్నా, స్కూటరు నడిపేవారైనా సరే, ఏడాదికోసారి కళ్లు చూపించుకోండి. పిల్లలారా, పెద్దవాళ్లు చెప్పేదాకా ఆగకండి, మీరే తీసుకెళ్లండి.

సెలవు.