పరభాషా యంత్రమునకు మన పలుకు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగము)



ఇరువదియైదేండ్ల పండుగనాడు గ్రంథాలయ మహిమను గూర్చి మాటాడుటకు నాకంటె పెద్దలు పలువురు గలరు. నేను ఊరి లెక్కలు వ్రాయువాడను. కావున ఒక నష్టము లెక్కను, దానివలన కలిగిన బుద్ధిని మీకు ఒప్పగించెదను. మన గ్రంథాలయమందలి లాప్‌టాప్ కంప్యూటరు జర్మను భాష మాని తెలుగు నేర్చిన కథ యిది.

జర్మనీ దేశమున కొలువు చేయుచున్న మన యూరి యువకుడొకడు కొన్నేండ్ల క్రిందట తాను వాడిన లాప్‌టాపును గ్రంథాలయమునకు తెచ్చి యిచ్చెను. యంత్రము మంచిది, భాషయే మనది కాదు. అయినను పిల్లలు గుర్తుల ననుసరించి దానిలో పుస్తకముల పట్టిక ఎక్కించిరి. అంతకంటె విలువైనది మరియొకటి అందులో చేరెను. మన యూరి ముసలమ్మలు ముగ్గురు పాడిన బతుకమ్మ పాటలను పిల్లలు ఫోనులో పట్టి, అందు చోటు చాలక లాప్‌టాపులోనికి మార్చి, ఫోనులో తుడిచివేసిరి.

ఒకనాడు యంత్రము మందగించినది. దానిని నడపు విండోస్ అను ఆపరేటింగ్ సిస్టమును మరల మొదటినుండి వేసికొనుటకు అందులోనే మార్గము కలదని విని, నేనే దాని ముందు కూర్చుంటిని. తెరమీద రెండు వాక్యములు ఒకదాని క్రింద నొకటి నిలిచినవి. మొదటిది మూడు మాటలు, రెండవది రెండు మాటలు. చిన్నది గదా, సులువైన మార్గము కాబోలునని రెండవదానిని నొక్కితిని. మరల ఏదో అడిగినది. దానికిని సరే యంటిని. మొదటి వాక్యమునకు 'సొంత ఫైళ్లను ఉంచుము' అని అర్థమట! రెండవది 'ఆలెస్ ఎంట్‌ఫెర్నెన్', అనగా 'సర్వము తొలగింపుము'.

యంత్రము క్రొత్తదై లేచి, మరల జర్మనులోనే పలుకరించినది. పట్టిక పోయినది, పాటలు పోయినవి. పట్టిక కాగితపు రిజిస్టరులో ఉన్నది గనుక మరల ఎక్కించుకొంటిమి. పాడిన ముగ్గురిలో ఒకరు అప్పటికే కీర్తిశేషులు. ఆమె గొంతు నాచేత పోయినది. ఈ తప్పు నాదేనని సభలో ఒప్పుకొనుచున్నాను.

శామీర్‌పేట వైపు కళాశాలలో చదువుచున్న మన యూరి అమ్మాయి ఒకతె వచ్చి చూచి, "పెదనాయనా, అది చెప్పకుండ తుడువలేదు. అడిగింది. మీరు సరే అన్నరు" అన్నది. ఆ మాట ములుకువలె నాటినది.

అడిగిన భాష తెలియక సరే యనుట మన ప్రాంతమునకు క్రొత్త కాదు. నిజాము కాలమున మేడ్చలు అత్రాఫ్ బల్దా జిల్లాలోనిది. దున్నువాడు తెలుగువాడు, కాగితము ఉర్దూది. పహాణీ, జమాబందీ, ఖాస్రా అను మాటలు నేటికిని మన నాలుకమీద నిలిచియున్నవి. మా తాతగారు తమ పట్టా కాగితమును పెట్టెలో భద్రముగా దాచుకొని, అందేమున్నదో తెలిసికొనుటకు మేడ్చలు పోయి ఉర్దూ వచ్చిన వానిని వెదకెడివారు. చదువలేని కాగితముపై ఎన్ని వేలిముద్రలు వేసిరో! తెలుగునకు దర్బారున చోటులేని ఆ దినములలోనే, 1901లో, హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. మన చిన్న గ్రంథాలయము అట్టివాని సంతతిలోనిదే. అందు కూర్చుండియు నేను మరల వేలిముద్ర వేసితిని.

ఇక ఆ యమ్మాయి నేర్పిన క్రమమును చెప్పెదను. విదేశములనుండి ఇట్టి యంత్రములు మీ యిండ్లకును వచ్చుచున్నవి గదా.

మొదటి పని నకలు తీయుట. పోతన భాగవతమున కొన్ని భాగములు నష్టపడగా గంగన, ఏర్చూరి సింగన, వెలిగందల నారయ పూరించిరని పెద్దలు చెప్పుదురు. పద్యము పోయినచో మరియొక కవి పూరింపవచ్చును. ముసలమ్మ గొంతును ఎవరు పూరింతురు? కనుక యంత్రమును ముట్టుకొనక ముందే, అందున్నదానిని వేరు వేరు చోట్ల రెండు ప్రతులుగా దాచవలెను.

రెండవది, భాష మార్చుటకు ప్రతిసారి ఆపరేటింగ్ సిస్టం క్రొత్తగా వేయనక్కరలేదు. విండోస్ సెట్టింగులలోనే మరియొక భాషను చేర్చుకొనవచ్చును; తెలుగు కూడ దొరకును. 'సింగిల్ లాంగ్వేజ్' అను తరగతి మాత్రము ఇందుకు ఒప్పుకొనదు. తెరమీది మాటలు చదువరానిచో, అదే విండోస్ ఆంగ్లమున ఉన్న కంప్యూటరును ప్రక్కన తెరచుకొనుడు. మాటలు మారును గాని బొమ్మలు మారవు. ఫోను కెమెరాను తెరవైపు చూపి అనువాదము చేయించుకొను వీలును కలదు. అట్టి ఫోను నాడు నా జేబులోనే యున్నది!

మూడవది, క్రొత్తగానే వేయవలసినచో 8 జీబీల పెన్‌డ్రైవు ఒకటి, వేరొక కంప్యూటరు ఒకటి కావలెను. ఆపరేటింగ్ సిస్టమును ఇంటర్నెట్టునుండి దించి పెన్‌డ్రైవులో సిద్ధపరచి, యంత్రమును దానినుండి లేపవలెను. అందుకు నొక్కు మీట తయారీదారును బట్టి మారును. విండోస్ 8 మొదలుకొని చాల యంత్రములలో విండోస్ తాళపుసంఖ్య లోపలనే పొదిగి యుండును. కావున అదే తరగతి విండోసును వేరు భాషలో వేసినను సాధారణముగా అంగీకరించును.

మన యంత్రము పాతది. దానిలోని విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసినది. కావున లైనక్సు కుటుంబములోని డెబియన్ అను ఉచిత వ్యవస్థను ఎన్నుకొంటిమి. హైదరాబాదున స్వేచ్ఛ అను సంస్థవారు కూడ ఇట్టి వ్యవస్థనే తెలుగున అందించిరి.

పెన్‌డ్రైవునుండి యంత్రము లేచి, మొదట భాషల పట్టికను చూపినది. నెమ్మదిగా క్రిందికి దిగగా, ప్రపంచ భాషల నడుమ 'తెలుగు' అని తెలుగు లిపిలోనే కనబడినది. నేను కొంతసేపు మీట నొక్కలేకపోతిని. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి కూర్పున మన లిపికి 128 గడులు కేటాయించిరి. ఒక యంత్రమున వ్రాసిన తెలుగును మరియొక యంత్రము తెలుగుగనే చదువుట ఆ పొత్తువలననే.

కొన్ని మాటలు ఆంగ్లముననే మిగిలినను పని సాగినది. తుదకు, డిస్కుపై మార్పులను వ్రాయవలెనా యని యంత్రము అడిగినది. ముందుగా ఎంచియున్న జవాబు 'కాదు' అనియే. ఈ పర్యాయము ఆ ప్రశ్నను బిగ్గరగా చదివితిని. నకళ్లు ఉన్నవా యని పిల్లలను మూడుమార్లు అడిగితిని. అటుపిమ్మట 'అవును' అంటిని.

మీటలు మాత్రము జర్మను మీటలే. వై, జెడ్ అక్షరములు అందు తారుమారై యుండును. సంకేతపదము కుదరక ఒక సాయంత్రమంతయు తికమకపడితిమి. ఇప్పుడు వానిపై తెలుగు అక్షరముల బిళ్లలు అంటించితిమి. ఇన్‌స్క్రిప్ట్ అను ఆ వరుసలో అచ్చులు ఎడమచేతివైపు, హల్లులు కుడిచేతివైపు ఉండును. భారతీయ భాషలలో చాలవానికి అదే పద్ధతి.

మిగిలిన తల్లులిద్దరు మరల పాడిరి. ఆ పాటలు నేడు రెండు చోట్ల భద్రముగా ఉన్నవి. మూడవ గొంతుకు మాత్రము చోటు ఖాళీగానే యున్నది. ఆమె పాడగా మీలో ఎవరైనను ఏ పెండ్లిలోనో, ఏ పండుగలోనో ఫోనున పట్టియున్నచో, దయచేసి గ్రంథాలయమునకు తీసికొని రండు. ఫోనును నా చేతికి ఇయ్యవలదు. పిల్లలు నకలు తీసికొని, మీ ఎదుటనే మరల మీకు ఇత్తురు.