విమాన నిర్మాణ విద్య

మీ యూరి బాలుఁడు విశ్వవిద్యాలయమున విమాన ఇంజనీరింగు చదివెదనన్నచో, ఆకసమునుండి పడునేమోయని మీరు వెఱచుట సహజము. ఆ విద్య నభ్యసించినవాఁడనుగాన రెండు మాటలు విన్నవించెదను.

విమానమును నడపుట వేఱు, నిర్మించుట వేఱు. మేము చదివినది రెండవది. బరువు క్రిందికి లాగును; రెక్కలపై పాఱెడు గాలి పైకెత్తును; యంత్రము ముందునకు త్రోయును; ఎదురగు గాలి యడ్డగించును. ఈ నాలుగింటిని లెక్కకట్టుటయే మా చదువునకు పునాది. రెక్క నమూనాను సొరంగమువంటి గొట్టమున నిలిపి, గాలిని వదలి, అది యెత్తెడు బలమును కాటాలో ధాన్యమువలె తూచి చూతుము. రైటు సోదరులును 1901లో నిట్లే పరీక్షించి, 1903 డిసెంబరు 17న నెగిరిరి. ఆ మొదటి ప్రయాణము 12 సెకండ్లు, 120 అడుగులు మాత్రమే!

మన దేశమున బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సునందు 1942లో ఈ శాఖ వెలసినది. నేఁడు మద్రాసు ఐ.ఐ.టి. వంటి చోట్లను నాలుగేండ్ల చదువు కలదు.

దీనికి మూలధనము గణితము. మా యూరి బడిలో లెక్కల పంతులు లేఁడు. ఆ లోటు పూడ్చుకొనుటకే నాకు మొదటి సంవత్సరమంతయు పట్టినది. కావున బాలునకు అడ్డు చెప్పకుఁడు; మీ బడిలో లెక్కలు చెప్పువారు కలరో లేరో ముందు విచారింపుఁడు.